పాతిక వేల కినాలు కడితే ఇంగ్లండ్ కాంట్రాక్టు వస్తుందా?

పాపువా న్యూ గినీలోని లే పట్టణం నుంచి ఒక తండ్రి రాసిన ఉత్తరం ఇది. పేర్లు తీసేసి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ ఇస్తున్నాం.

ఆయనది భీమవరం దగ్గర ఒక పల్లె. పాతికేళ్ల కిందట లెక్చరర్ ఉద్యోగం మీద లే వెళ్లారు. అక్కడి సింబు కొండప్రాంతానికి చెందిన ఆవిడను పెళ్లి చేసుకుని అక్కడే స్థిరపడ్డారు. పెద్దబ్బాయికి ఇరవై ఒక్క ఏళ్లు, సివిల్ ఇంజనీరింగ్ మూడో ఏడాది. పుట్టింది, పెరిగింది అంతా లేలోనే. పాస్‌పోర్టు కూడా ఆ దేశానిదే. చిన్నప్పటి నుంచీ రగ్బీ లీగ్ ఆడుతున్నాడు. ఇప్పుడు అక్కడి దేశవాళీ పోటీ డిజిసెల్ కప్‌లో ఒక క్లబ్బుకు హుకర్ (ప్రతి ట్యాకిల్ తర్వాత బంతితో ఆట మొదలుపెట్టే ఆటగాడు) స్థానంలో ఆడుతున్నాడు. పోయిన ఏడాది, ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ కప్‌లో ఆడే పాపువా న్యూ గినీ (పీఎన్‌జీ) జట్టు పీఎన్‌జీ హంటర్స్ శిక్షణ శిబిరానికి పిలుపు వచ్చింది. చివరి జట్టులో చోటు మాత్రం దొరకలేదు. వచ్చే ఏడాది మళ్లీ రమ్మన్నారట.

అప్పటి నుంచి అబ్బాయికి చదువు మీద ధ్యాస పోయింది. ఈమధ్య ఫేస్‌బుక్‌లో ఒకతను పరిచయమయ్యాడు. ఇంగ్లండ్ క్లబ్బులతో తనకు సంబంధాలున్నాయని, 25,000 కినాలు కడితే విజిటర్ వీసా తీయించి, ట్రయల్స్ ఆడించి, కాంట్రాక్టు రాగానే అక్కడే వర్క్ వీసాకు మార్పిస్తానని చెబుతున్నాడు. మన రూపాయల్లో అది ఐదు లక్షల దాకా అవుతుంది. నెలాఖరులోగా కట్టకపోతే ఆ అవకాశం వేరేవాళ్లకు పోతుందంటున్నాడు. భార్య అన్నదమ్ములు తలా కొంత వేసుకుని డబ్బు సర్దడానికి ముందుకొచ్చారు. హైదరాబాద్‌లో ఉండే బావగారు మాత్రం "డబ్బు దండగ చేయకు. డిగ్రీ అవ్వనీ, స్టూడెంట్ వీసా మీద ఎం.ఎస్.కి ఇంగ్లండ్ పంపిద్దాం. చదువుకుంటూ అక్కడే ఆడుకుంటాడు" అన్నారు.

ఉత్తరం చివర ఆయన ఇలా రాశారు: "నేను క్రికెట్ చూస్తూ పెరిగినవాణ్ణి. మావాడు బాగా ఆడతాడని అందరూ అంటారు. ఎంత బాగా ఆడతాడో తేల్చుకునే జ్ఞానం నాకు లేదు. చదువు పూర్తి చేయరా అన్నందుకు నాతో మాట్లాడటం మానేశాడు. 'ఆస్ట్రేలియాలో పుట్టుంటే ఈపాటికి కాంట్రాక్టు వచ్చేదమ్మా, ఇక్కడ పుట్టడమే నా తప్పా' అని వాళ్లమ్మ దగ్గర ఏడ్చాడట. డబ్బు కట్టాలా? చదువు ఆపించాలా? వాడికి నిజంగా దారుందా, లేక లేని ఆశ పెట్టుకున్నాడా? ఈ టెన్షన్‌తో నాకు నిద్ర పట్టడం లేదు."

మాస్టారూ,

గడువు దగ్గర పడుతోంది కాబట్టి ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం. కట్టకండి. మిగతా విషయాల్లో ఏ దారి పడితే ఏం జరుగుతుందో మాత్రమే చెబుతాను, నిర్ణయం మీదీ మీ అబ్బాయిదీ. ఈ ఒక్కదాన్ని మాత్రం సూటిగా చెప్పక తప్పదు, ఎందుకంటే అతను చెప్పిన మాటల్లోనే అబద్ధం కనబడుతోంది.

మీరు ఇండియన్ పాస్‌పోర్టుతో తిరిగినవారు. ఇంగ్లండ్ అనగానే వీసా దరఖాస్తు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, నెలల ఎదురుచూపు గుర్తొస్తాయి. మీ అబ్బాయి విషయం వేరు. పాపువా న్యూ గినీ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు ఆరు నెలల్లోపు బ్రిటన్ వెళ్లి రావడానికి విజిటర్ వీసా అక్కర్లేదు. 2025 జనవరి నుంచి ఈటీఏ అనే ఆన్‌లైన్ అనుమతి తీసుకోవాలి, అంతే. దాని ఫీజు కొద్ది పౌండ్లు. ఇంట్లో కూర్చుని ఫోన్‌లో మీరే తీసుకోవచ్చు. బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఈ రోజున ఉన్న నిబంధన ఒకసారి మీరే చదివి చూసుకోండి. అవసరమే లేని వీసా తీయించడానికి అతను డబ్బు అడుగుతున్నాడు.

ట్రయల్స్ మాట కొంతవరకు నిజమే. క్లబ్బు పిలిస్తే విజిటర్‌గా వెళ్లి ట్రయల్స్ ఆడటానికి బ్రిటన్ నిబంధనలు ఒప్పుకుంటాయి. టికెట్ కొని వచ్చిన జనం ముందు ఆడేది కాకూడదన్నదే షరతు. ఆ తర్వాత చెప్పినది మాత్రం పూర్తిగా తప్పు. విజిటర్‌గా దిగినవాళ్లు అక్కడ ఉండగానే వర్క్ వీసాకు మారడానికి వీల్లేదు. నిజంగా కాంట్రాక్టు వచ్చినా వెనక్కి వచ్చి, బయటి నుంచి ఇంటర్నేషనల్ స్పోర్ట్స్‌పర్సన్ వీసాకు దరఖాస్తు పెట్టుకోవాలి. దానికి క్లబ్బు ఇచ్చే స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్ కావాలి, ఇంగ్లండ్‌లో ఈ ఆటను నడిపే రగ్బీ ఫుట్‌బాల్ లీగ్ ఆమోదం కావాలి, ఆరు నెలలు దాటి ఉండాలంటే క్షయ పరీక్ష రిపోర్టు కూడా కావాలి. ఎవరో "అక్కడికెళ్లాక చూసుకుందాం" అన్నారని నమ్మి వెళ్లి, తప్పుడు వివరాలతో దొరికిపోతే పదేళ్ల వరకు దరఖాస్తులు తిరస్కరిస్తారు. ఇరవై ఒక్క ఏళ్ల కుర్రాడికి పదేళ్లంటే ఆటలో ఉండే వయసంతా పోయినట్టే.

ఈ మాటలు మీరు చెబితే అబ్బాయికి మళ్లీ "నాన్న అడ్డుపడుతున్నాడు" అనే అనిపిస్తుంది. అందుకని అడగాల్సినవి అతన్నే అడగనివ్వండి. ఏ క్లబ్బు? ఆ క్లబ్బు నుంచి, క్లబ్బు సొంత ఈమెయిల్ అడ్రస్ మీద, ట్రయల్స్‌కి పిలుస్తూ ఉత్తరం వస్తుందా? ఆ క్లబ్బు పేరు బ్రిటన్ హోం శాఖ ప్రకటించే లైసెన్స్ ఉన్న స్పాన్సర్ల జాబితాలో ఉందా? ఆ జాబితా ఎవరైనా చూడొచ్చు. ఏజెంటుగా ఇతని పేరు రగ్బీ ఫుట్‌బాల్ లీగ్ దగ్గర నమోదైందా? ఒక దేశం ఆటగాడు ఇంకో దేశానికి మారాలంటే సొంత దేశపు సంఘం నుంచి క్లియరెన్స్ కావాలి, మరి మీ రాజధాని పోర్ట్ మోర్స్‌బీలోని సంఘంతో ఇతను మాట్లాడాడా? నిజమైన ఏజెంటుకు ఇవి రోజూ వినే ప్రశ్నలే, వెంటనే జవాబులిస్తాడు. ఆటగాడికి వచ్చే కాంట్రాక్టులో కమీషనే అతని సంపాదన. ముందే ఇంత కట్టమనేవాడికి మీ అబ్బాయికి కాంట్రాక్టు వచ్చినా రాకపోయినా లాభమే. మన ఊళ్లలో కన్సల్టెన్సీల చేతిలో మోసపోయిన కుటుంబాల్ని మీరు చూసే ఉంటారు. నెలాఖరు గడువు పెట్టి తొందర చేయడం అక్కడా ఉంది, ఇక్కడా ఉంది.

ఇక నన్ను బాగా కదిలించిన మాట దగ్గరికి వస్తాను. "ఇక్కడ పుట్టడమే నా తప్పా?" మాస్టారూ, మీ అబ్బాయి చెప్పినదాంట్లో చాలా నిజం ఉంది. దాన్ని కుర్రతనపు ఏడుపు కింద కొట్టిపారేయకండి.

మన పాఠకుల కోసం రెండు మాటలు చెప్పాలి. రగ్బీ లీగ్ జట్టుకు పదమూడు మంది ఆడే ఆట. 2025లో మనదేశంలో హైదరాబాద్ పేరుతో కూడా జట్టు పెట్టి మొదలుపెట్టిన లీగ్‌లో ఆడింది రగ్బీ యూనియన్‌లోని ఏడుగురి పోటీ, అది వేరే ఆట. రగ్బీ లీగ్‌ను ప్రజలంతా తమ జాతీయ క్రీడగా భావించే దేశం పాపువా న్యూ గినీ. అక్కడ కుర్రాళ్లు నడక వచ్చిన దగ్గర్నుంచీ ఆడతారు. ఇంత ఆడే దేశం నుంచి నేరుగా పెద్ద కాంట్రాక్టుకు వెళ్లినవాళ్లు చాలా తక్కువ. ఆటతో పూర్తిగా బతకగల పోటీలు ప్రపంచంలో రెండే కావడం దీనికి మొదటి కారణం. ఒకటి ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ క్లబ్బులున్న ఎన్ఆర్ఎల్, రెండోది ఇంగ్లండ్ కేంద్రంగా నడిచే సూపర్ లీగ్. ఎన్ఆర్ఎల్ క్లబ్బులు కుర్రాళ్లను పదిహేను, పదహారేళ్లకే స్కూలు పోటీల్లో చూసి తమ అకాడమీల్లోకి తీసుకుంటాయి. క్వీన్స్‌లాండ్‌లోనో సిడ్నీలోనో పెరిగిన కుర్రాడు ప్రతి శనివారం ఎవరో ఒకరి కంట్లో పడతాడు. లేలో పెరిగినవాడు పడడు. ఎన్ఆర్ఎల్‌లో పేరున్న జేవియర్ కోట్స్ పోర్ట్ మోర్స్‌బీలోనే పుట్టాడు, కానీ ఆస్ట్రేలియాలో పెరిగాడు. డేవిడ్ మీడ్ కూడా చిన్నతనంలోనే అక్కడికి వెళ్లిపోయాడు. కుములు అని పిలిచే పాపువా న్యూ గినీ జాతీయ జట్టులో పేరు తెచ్చుకున్న చాలామంది కథ ఇదే. మీ అబ్బాయికీ వాళ్లకూ ప్రతిభలో తేడా ఉందో లేదో నేను చెప్పలేను. పెరిగిన చోటులో తేడా మాత్రం ఉంది.

ఇంగ్లండ్ వైపు కథ ఇంకా బాధాకరం. ఒకప్పుడు ఆ దారి కొంత తెరిచి ఉండేది. పాపువా న్యూ గినీలోని గొరోకా కుర్రాడు స్టాన్లీ జీన్ 1996లో హల్ కింగ్‌స్టన్ రోవర్స్‌లో చేరి ఆ తర్వాత చాలా ఏళ్లు ఇంగ్లండ్‌లోనే ఆడాడు. మార్కస్ బాయ్ 1999లో మెల్‌బోర్న్ స్టార్మ్‌తో టైటిల్ గెలిచి, తర్వాత లీడ్స్‌లోనూ బ్రాడ్‌ఫర్డ్‌లోనూ ఆడాడు. 2003లో స్లోవాకియా హ్యాండ్‌బాల్ ఆటగాడు కోల్పాక్ కేసులో యూరప్ కోర్టు ఒక తీర్పు ఇచ్చింది. యూరప్ యూనియన్‌తో ఒప్పందాలున్న దేశాల పౌరుల్ని కూడా, అక్కడ చట్టబద్ధంగా ఉద్యోగం చేస్తుంటే, విదేశీ కోటా పేరుతో అడ్డుకోకూడదన్నది దాని సారం. పాపువా న్యూ గినీ, ఫిజీ, సమోవా, టోంగా అలాంటి ఒప్పందంలో ఉన్న దేశాలే. దాంతో ఆ దేశాల ఆటగాళ్లను కోటా లెక్కలో పడకుండా తీసుకునే వీలు ఇంగ్లిష్ క్లబ్బులకు దొరికింది. బ్రెగ్జిట్‌తో 2020 చివర్లో అది ముగిసిపోయింది. ఇప్పుడు కుములు ఆటగాడూ ఎన్ఆర్ఎల్‌లో వంద మ్యాచ్‌లు ఆడిన ఆస్ట్రేలియన్ కూడా ఒకే కోటాలో సీటు కోసం పోటీపడాలి. అంతకుముందు క్లబ్బుకు ఏడుగురే ఉండేవారు, 2026 సీజన్‌కు పదికి పెంచారు. పెంచిన సీట్లు కూడా ఎక్కువగా ఎన్ఆర్ఎల్ అనుభవం ఉన్నవాళ్లకే వెళతాయి. దీనికి తోడు వీసా ఆమోదం ఇచ్చేటప్పుడు ఆటగాడు ఇంతవరకు ఏ స్థాయిలో ఆడాడో రికార్డు చూస్తారు. పెద్ద పోటీలో ఆడి ఉంటేనే పెద్ద పోటీకి రానిస్తామంటే, ఆడే అవకాశమే లేని దేశపు కుర్రాడు ఏం చేయాలి? ఇది అన్యాయంగానే నాకు అనిపిస్తుంది. మీ అబ్బాయితో ఆ మాట మీరు నోరు తెరిచి అనండి. మీరిద్దరూ మళ్లీ మాట్లాడుకోవడానికి అది మంచి మొదలు అవుతుంది.

అయితే, డిజిసెల్ కప్ రికార్డు ఒక్కటే చేతిలో ఉన్న ఆటగాడికి ఇప్పుడు ఇంగ్లండ్ తలుపు తెరుచుకోవడం చాలా కష్టమని కూడా ఇందులోంచే తేలుతోంది. ఏ ఏజెంటూ ఆ నిబంధనను మార్చలేడు. మరి పీఎన్‌జీ నుంచి ఈమధ్య వెళ్లినవాళ్లు ఎలా వెళ్లారో చూడండి.

ఎడ్విన్ ఇపాపే మీ అబ్బాయి ఆడే హుకర్ స్థానంలోనే ఆడతాడు. హంటర్స్‌లో ఆడి, 2022లో ఇంగ్లండ్‌లోని లీ క్లబ్బుకు వెళ్లాడు. అప్పుడు ఆ క్లబ్బు రెండో డివిజన్‌లో ఉంది. కోచ్ అడ్రియన్ లామ్, పాపువా న్యూ గినీలోని రబౌల్‌లో పుట్టినవాడు, కుములు జట్టుకు కెప్టెన్‌గా చేసినవాడు. ఈ ఆటగాళ్ల విలువ తెలిసిన మనిషి అవతలి గట్టున ఉన్నాడన్నమాట. మరుసటి ఏడాదే లీ పై డివిజన్‌కు ఎదిగి, 2023 ఆగస్టులో వెంబ్లీలో ఛాలెంజ్ కప్ గెలిచింది. జూడా రింబు, అతనూ హుకరే, హంటర్స్ నుంచే 2025లో కాసిల్‌ఫర్డ్‌కు వెళ్లాడు. హంటర్స్ 2014 నుంచి క్వీన్స్‌లాండ్ కప్‌లో ఆడుతున్న జట్టు, 2017లో ఆ కప్పు గెలిచింది కూడా. ఎన్ఆర్ఎల్ క్లబ్బుల అనుబంధ జట్లు ఆ పోటీలో ఉంటాయి కాబట్టి అక్కడ ఒక మ్యాచ్ ఆడితే చూడాల్సినవాళ్లు చూస్తారు, రికార్డు లెక్కలోకి వస్తుంది. "మళ్లీ రా" అని హంటర్స్ అనడాన్ని మీ అబ్బాయి ఓటమిగా తీసుకున్నాడు. శిబిరానికి పిలుపు అందని కుర్రాళ్లు ఆ దేశంలో వేలల్లో ఉంటారు. శిబిరంలో ఏం తక్కువైందని చెప్పారో అడగమనండి. బరువా, వేగమా, పాస్‌లా? కోచ్‌లు ఆ సంగతి చెబుతారు. ఇరవై ఒక్క ఏళ్ల వయసులో ఆ జవాబు ఏ ఫేస్‌బుక్ పరిచయం కన్నా విలువైనది.

జస్టిన్ ఓలమ్ పేరు మీ ఇంట్లో వినబడుతూనే ఉంటుంది, మీ ఆవిడ పుట్టిన సింబు వాడే కదా. మీ ఊళ్లోనే ఉన్న యూనివర్సిటీ ఆఫ్ టెక్నాలజీలో అప్లైడ్ ఫిజిక్స్ డిగ్రీ పూర్తి చేశాడు. ఆ తర్వాతే హంటర్స్, అక్కణ్ణుంచి మెల్‌బోర్న్ స్టార్మ్. 2020లో టైటిల్ గెలిచిన జట్టులో ఉన్నాడు, 2021లో ఎన్ఆర్ఎల్ ఉత్తమ సెంటర్‌గా డాలీ ఎం అవార్డు అందుకున్నాడు. "చూడు, చదువుకునే పైకొచ్చాడు" అని మీరు ఈ ఉదాహరణను అబ్బాయి మీద ప్రయోగించకండి. అలా ప్రయోగిస్తే ఆ పేరు వింటేనే విసుక్కుంటాడు. నేను ఇది మీకోసం చెబుతున్నాను. ఆట పెద్ద స్థాయికి చేరడానికి ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లు వచ్చినా ఆలస్యమైపోయినట్టు కాదు.

ఇప్పుడు మీ బావగారి సలహా. ఆయన మంచి మనసుతోనే చెప్పారు, మన కుటుంబాల్లో ఎవరికైనా ముందు తోచేది స్టూడెంట్ వీసానే. కానీ ఈ ఒక్క విషయంలో అది ప్రమాదం. బ్రిటన్ స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు ప్రొఫెషనల్ క్రీడాకారులుగా పనిచేయడం నిషేధం, కోచింగ్ ఇవ్వడం కూడా అందులోకే వస్తుంది. జీతం తీసుకోకుండా ఆడినా, ఆడే స్థాయినిబట్టి ప్రొఫెషనల్‌గా లెక్కగట్టే వీలుంది. యూనివర్సిటీ జట్టుకు సరదాగా ఆడుకోవచ్చు. అంతకుమించి క్లబ్బులో ఆడితే వీసా షరతు తప్పినట్టవుతుంది, అక్కడితో చదువూ ఆటా రెండూ పోవచ్చు. అంత ఫీజు కట్టి వెళ్లి, ఆడటానికి భయపడుతూ గడపడం మీ అబ్బాయికి నరకం. చదువు కోసమే ఇంగ్లండ్ వెళ్లాలనుకుంటే అది వేరే సంగతి. దాన్ని ఆటకు దొడ్డిదారిగా చూడకండి.

ఆస్ట్రేలియా వైపు దారులు ఇంతకన్నా మెరుగు. మీ ఉత్తరంలో ఎక్కడా ప్రస్తావన లేని ఒక దారి ఉంది. ఆస్ట్రేలియా ప్రభుత్వం 2024లో పసిఫిక్ ఎంగేజ్‌మెంట్ వీసా మొదలుపెట్టింది. పసిఫిక్ దేశాలవాళ్లకు, తూర్పు తిమోర్ వాళ్లకు కుటుంబ సభ్యులతో కలిపి ఏడాదికి 3,000 దాకా శాశ్వత నివాస వీసాలు ఇస్తారు. మొదటి విడతలో పాపువా న్యూ గినీకి కేటాయించినవి 1,350. పద్దెనిమిది నుంచి నలభై ఐదేళ్ల లోపు పౌరులు లాటరీలో పేరు నమోదు చేసుకోవచ్చు, ఫీజు 25 ఆస్ట్రేలియన్ డాలర్లు. లాటరీలో పేరు వస్తే, ఆస్ట్రేలియాలో ఒక ఉద్యోగం ఆఫర్ చూపించి వీసాకు దరఖాస్తు పెట్టాలి. ఇందులో ఆటకు సంబంధించిన షరతు ఏమీ లేదు. వీసా వచ్చినవాడు ఏ ఊళ్లో ఉండాలో, ఏ క్లబ్బుకు ఆడాలో ఎవరూ చెప్పరు. బ్రిస్బేన్‌లోనో టౌన్స్‌విల్‌లోనో ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు స్థానిక క్లబ్బులో ఆడొచ్చు. క్వీన్స్‌లాండ్ కప్ ఆటగాళ్లలో చాలామంది పగలు వేరే పని చేసుకునేవాళ్లే. లాటరీ కాబట్టి గ్యారంటీ లేదు, మొదటిసారి రాకపోతే మళ్లీ ప్రయత్నించాలి. కానీ పేరు వచ్చిన రోజున చేతిలో సివిల్ ఇంజనీరింగ్ డిగ్రీ ఉంటే ఉద్యోగం ఆఫర్ తెచ్చుకోవడం ఎంత తేలికవుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. చదువా ఆటా అని మీ ఇద్దరి మధ్య నడుస్తున్న గొడవకు ఇక్కడ అర్థమే లేదు. అబ్బాయిని ఆస్ట్రేలియా మైదానానికి చేర్చేది ఆ డిగ్రీ కావచ్చు.

క్లబ్బే స్పాన్సర్ చేసే తాత్కాలిక క్రీడా వీసా కూడా ఆస్ట్రేలియాలో ఉంది. క్వీన్స్‌లాండ్ పల్లె క్లబ్బుల్లో అలా ఆడే పసిఫిక్ కుర్రాళ్లున్నారు. త్వరగా వెళ్లొచ్చు, ఆట రోజూ ఉంటుంది. అయితే బతుకంతా ఆ క్లబ్బుతోనే ముడిపడి ఉంటుంది. మోకాలు దెబ్బతిన్నా, కోచ్ మారినా, క్లబ్బు వద్దన్నా ఇంటికి రావాల్సిందే. అలాంటి పిలుపు నిజంగా వస్తే కాంట్రాక్టు కాగితం మీరు కూర్చుని చదవండి. గాయమైతే ఆస్పత్రి ఖర్చు ఎవరిది, ఇన్సూరెన్స్ ఎవరు కడతారు, ఇల్లెవరు చూపిస్తారు, తిరుగు టికెట్ ఎవరిది, మధ్యలో తీసేస్తే ఎన్ని వారాల జీతం ఇస్తారు, ఇవన్నీ రాతలో ఉండాలి. ఆస్ట్రేలియా స్టూడెంట్ వీసా కూడా ఒక మార్గమే, తరగతులు జరిగే రోజుల్లో రెండు వారాలకు 48 గంటలు పని చేసుకోనిస్తారు. కానీ విదేశీ విద్యార్థుల ఫీజు మీ ఒక్క జీతంతో మోయగలరా అన్నది చూసుకోవాలి.

2028లో ఎన్ఆర్ఎల్‌లోకి అడుగుపెట్టబోయే పీఎన్‌జీ చీఫ్స్ గురించి మీ ఇంట్లో రోజూ మాట్లాడుకుంటూనే ఉంటారు. ఆస్ట్రేలియా ప్రభుత్వం పదేళ్లలో 600 మిలియన్ డాలర్లు పెడుతున్న ఒప్పందం అది, అందులో కొంత పసిఫిక్‌లో ఆటను కింది స్థాయి నుంచి పెంచడానికి. అప్పటికి మీ అబ్బాయికి ఇరవై మూడు దాటుతుంది. ఆ జట్టు నిండా అక్కడి కుర్రాళ్లే ఉంటారని మాత్రం అనుకోవద్దు. ఎన్ఆర్ఎల్‌లో గెలవాలంటే బయటి ఆటగాళ్లను తేవాల్సిందే, ఆటగాళ్లకు ఆదాయపు పన్ను మినహాయింపు ఇవ్వడం కూడా వాళ్లను ఆకర్షించడానికే. అయినా పోర్ట్ మోర్స్‌బీలోనే ఒక ఎన్ఆర్ఎల్ క్లబ్బు ఉంటే, మీ దేశపు కుర్రాళ్లను వెతికే కళ్లు, శిక్షణ ఇచ్చే చేతులు ముందెన్నడూ లేనంత దగ్గరికి వస్తాయి. ఇప్పుడు పదేళ్ల నిషేధం తెచ్చుకోవడానికి ఇంతకన్నా చెడ్డ సమయం ఉండదు.

చదువు ఆపించాలా అన్నారు. మధ్యలో మానేయడం, ఏడాది విరామం తీసుకోవడం ఒకటి కావు. హంటర్స్‌కు ఎంపికైతే పోర్ట్ మోర్స్‌బీలో ఉండాలి. లే నుంచి అక్కడికి రోడ్డు కూడా లేదు, విమానమే గతి. ఇక్కడ కాలేజీ, అక్కడ ఆట కుదరవు. ఎంపికైతే ఒక ఏడాది సెలవుకు దరఖాస్తు పెట్టి, సీటు నిలుపుకుని వెళ్లొచ్చా అని మీ కాలేజీ వాళ్లనే అడగండి, మీరు ఆ రంగంలోనే ఉన్నారు. ఎంపిక కాకపోతే చదువూ క్లబ్బు ఆటా రెండూ లేలోనే సాగుతాయి. మొదటి దారిలో డిగ్రీ ఒక ఏడాది వెనకబడుతుంది, బదులుగా రికార్డు వస్తుంది. రెండో దారిలో రికార్డు ఆలస్యమవుతుంది, పసిఫిక్ వీసా నాటికి డిగ్రీ సిద్ధంగా ఉంటుంది. ఈ రెంటిలో ఏది ఎంచుకున్నా నేను తప్పుపట్టను. ఎంపిక ఖరారు కాకుండానే మానేసి, ఆశతో ఇంట్లో కూర్చోవడం మాత్రం కుర్రాణ్ణి కుంగదీస్తుంది.

మీ బావమరుదుల డబ్బు గురించి కూడా చెప్పాలి. వంటోక్ (ఒకే భాష, ఒకే బంధువర్గం వాళ్లు ఒకరినొకరు ఆదుకునే) సంబంధాల బలం పాతికేళ్లుగా దగ్గరుండి చూస్తున్నారు, నాకన్నా మీకే తెలుసు. తలా కొంత వేసిన డబ్బు అప్పు కాకపోయినా కుర్రాడి భుజం మీద బరువే. విదేశాల్లో ఆడే పసిఫిక్ కుర్రాళ్లు చాలామంది వచ్చిన జీతంలో పెద్ద భాగం ఇంటికి పంపి, తాము ఇరుకు గదుల్లో బతుకుతూ, ఫామ్ పోయినా ఇంట్లో చెప్పుకోలేక నలిగిపోతారు. కాంట్రాక్టు రాకముందే ఆ భారం ఎత్తుకోవడం మరీ కష్టం. వద్దని మీరు చెబితే వాళ్లను చిన్నబుచ్చినట్టు కావచ్చు, అందుకని మీ ఆవిడ ద్వారా చెప్పించండి. అవసరమైతే హంటర్స్ శిబిరానికి వెళ్లే విమాన టికెట్టుకో, మంచి బూట్లకో వాళ్ల సాయం తీసుకుంటే వాళ్లూ సంతోషిస్తారు.

అబ్బాయితో ఎలా మాట్లాడాలన్నది మీరు అడగలేదు, కానీ ఉత్తరమంతా దాని గురించే. అతని ఆట ఎంత మంచిదో మీకు తెలియదని రాశారు. ఆ మాటే అతనితో అనండి. వచ్చే మ్యాచ్‌కు వెళ్లి కూర్చోండి. హుకర్ ఏం చేస్తాడో, ప్రతి ట్యాకిల్ తర్వాత బంతి అతని చేతిలోంచే ఎందుకు మొదలవుతుందో అతన్నే చెప్పమనండి. కొడుకు నేర్పుతుంటే నేర్చుకోవడం ఏ తండ్రికీ చిన్నతనం కాదు. ఆ తర్వాత ఏజెంటు ప్రశ్నల కాగితం, లాటరీ నమోదు, కాలేజీ సెలవు విషయం మీరిద్దరూ కలిసి చూడండి. "నేను ఒప్పుకోను" అనడం కన్నా "కలిసి కనుక్కుందాం రా" అంటే ఇరవై ఒక్క ఏళ్లవాడు తొందరగా వింటాడు.

ఇన్ని చెప్పినా, ఇంగ్లండ్ వెళ్లి ఒకసారి చూసుకోవాల్సిందే అని అతను పట్టుబట్టొచ్చు. మేజర్ కాబట్టి ఆ హక్కు అతనికుంది. అప్పుడు ఆ మధ్యవర్తిని పక్కన పెట్టండి. మ్యాచ్ వీడియోలు మీ అబ్బాయినే సర్ది, రెండో, మూడో డివిజన్ క్లబ్బులకు నేరుగా రాయమనండి. ఏదైనా క్లబ్బు రాతపూర్వకంగా ట్రయల్స్‌కు పిలిస్తే ఈటీఏ తీసుకుని, తిరుగు టికెట్టుతో వెళ్లి, ట్రయల్స్ ఆడి వెనక్కి రావొచ్చు. దానికయ్యేది టికెట్టు ఖర్చు, కొన్నాళ్ల తిండి, బస. నచ్చితే క్లబ్బే స్పాన్సర్ చేసి వీసాకు ఏర్పాట్లు చేస్తుంది. నచ్చకపోతే పాస్‌పోర్టు మీద మచ్చ లేకుండా ఇంటికొస్తాడు, హంటర్స్ శిబిరానికి వెళ్లే దారి అలాగే ఉంటుంది. ఏ క్లబ్బూ పిలవకపోతే మాత్రం టికెట్టు కొననివ్వకండి. ఇప్పటికే పాస్‌పోర్టు కాపీ గానీ, కొంత డబ్బు గానీ ఆ మధ్యవర్తికి పంపేసి ఉంటే దాచకుండా చెప్పమనండి. కోప్పడకుండా వినండి. చాట్‌లు, బ్యాంకు రసీదులు భద్రం చేసి, పోలీసులకూ రగ్బీ సంఘానికీ తెలియజేయండి, అదే మనిషి లేలో ఇంకెంతమంది కుర్రాళ్లతో మాట్లాడుతున్నాడో మనకు తెలియదు.